పెరిగిన బండి, మారిన బేరం

బెంగళూరు నుంచి అనంతపురం వైపు 44వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్లే మన వాళ్లందరికీ పెనుకొండ దగ్గర ఎర్రమంచిలోని కియా ఫ్యాక్టరీ తెలుసు. 2019 ఆగస్టులో మార్కెట్లోకి వచ్చిన సెల్టోస్ అక్కడ తయారైన బండే. అప్పుడు దాని పొడవు 4315 మిల్లీమీటర్లు. 2023లో ముఖం మార్చినప్పుడు అది 4365 అయింది. 2025 డిసెంబరులో చూపించిన రెండో తరం సెల్టోస్ 4460కి చేరింది. అంటే 2023 నాటి బండి కంటే 95 మి.మీ., దాదాపు నాలుగు అంగుళాలు పెరిగింది.

బాగా అమ్ముడవుతున్న బండిని కంపెనీ ఎందుకు కదిలిస్తుంది? అలా కదిలిస్తే కొనేవాళ్లు పెరుగుతారా, ఉన్నవాళ్లు జారిపోతారా? మారతహళ్లిలో, వైట్‌ఫీల్డ్‌లో కారు కొనాలనుకునే మన కుటుంబాల్లో జరిగే వాదనంతా చివరికి ఈ ప్రశ్న దగ్గరికే వస్తుంది. భార్యకు నడపడానికి వీలుగా చిన్నది కావాలి. ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే తిరుపతి తీసుకెళ్లడానికి పెద్దది కావాలి. ఒక్క బండితో రెండూ జరగాలి. కంపెనీ ఇంజినీర్ల ముందున్న చిక్కు కూడా సరిగ్గా ఇదే.

చాలామంది "బండి పెద్దదైంది" అని ఒక్క మాటలో చెప్పేస్తారు. నిజానికి పొడవు ఒకటి, వీల్‌బేస్ ఒకటి, వెడల్పు ఒకటి, ఎత్తు ఒకటి. ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్య దాకా ఉండే దూరమే వీల్‌బేస్. మోకాళ్ల దగ్గర జాగా చాలావరకు దాని మీదే ఆధారపడి ఉంటుంది. చక్రాల అవతల ముందూ వెనకా పొడుచుకొచ్చే భాగంలో బంపర్లు, డిక్కీ వస్తాయి. పొడవు అక్కడ పెరిగితే ఫొటోలో బండి హుందాగా కనిపిస్తుంది కానీ వెనక సీట్లో కూర్చున్న మనిషికి ఒరిగేది తక్కువ. కొత్త సెల్టోస్‌లో పొడవు 95 పెరిగితే వీల్‌బేస్ 80 పెరిగి 2690 అయింది. అంటే పెరిగినదాంట్లో ఎక్కువ భాగం మనుషులు కూర్చునే చోటే పెట్టారు. ఇది ఆలోచించి చేసిన పని.

దీనికి పూర్తిగా ఎదురు దిక్కు నుంచి, బండిని కుదించిన కథ నుంచి మొదలుపెడితే విషయం బాగా అర్థమవుతుంది. 2006 బడ్జెట్‌లో కేంద్రం చిన్న కార్ల మీద ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించింది. ఆ రాయితీకి పొడవు నాలుగు మీటర్లు దాటకూడదు, పెట్రోలు ఇంజిన్ 1200 సీసీ, డీజిల్ ఇంజిన్ 1500 సీసీ మించకూడదు. మారుతి మొదటి డిజైర్ పొడవు 4160. 2012లో వచ్చిన రెండో డిజైర్‌ను ఈ గీత లోపలికి, 3995కి కుదించారు. ఎక్కడ కోశారన్నదే ఇక్కడ చూడాల్సింది. డిక్కీ 440 లీటర్ల నుంచి 316కి పడిపోయింది. వీల్‌బేస్ మాత్రం 2390 నుంచి 2430కి పెరిగింది. సామాను జాగా తగ్గింది, మనుషుల జాగా తగ్గలేదు, పన్ను తగ్గింది. అప్పట్లో వెనక భాగం తెగ్గోసినట్టుందని విమర్శించినవాళ్లు తక్కువేం కాదు. అయినా జనం కొన్నారు. ఆ తర్వాతి తరం డిజైర్ 2018లో దేశంలోనే అత్యధికంగా అమ్ముడైన కారుగా నిలిచింది.

కుదిస్తే అమ్మకాలు పోతాయన్న భయానికి ఇది ఒక జవాబు. కానీ ఒక్క ఉదాహరణతో తీర్పు చెప్పలేం. అమెరికాలో జనరల్ మోటార్స్ ఒకే కాలంలో రెండు కుటుంబ క్రాసోవర్లను (కారు తరహా నిర్మాణమున్న ఎస్‌యూవీలను) కుదించింది, రెండిటికీ రెండు రకాల ఫలితాలు వచ్చాయి. ఈ విషయంలో ఇంతకంటే మంచి పాఠం నాకు కనిపించలేదు.

మొదటిది షెవర్లే ఈక్వినాక్స్. అది రెండు వరసల, ఐదుగురు కూర్చునే బండి. 2018 మోడల్‌లో దాని పొడవు సుమారు 12 సెంటీమీటర్లు, బరువు సుమారు 180 కిలోలు తగ్గించారు. అమ్మకాలు పడిపోలేదు సరికదా, సిల్వరాడో పికప్ తర్వాత ఆ కంపెనీకి ఎక్కువగా అమ్ముడయ్యే బండి అదే అయింది. రెండోది జీఎంసీ అకాడియా. అది మూడు వరసల బండి. 2017 మోడల్‌లో పొడవు 18 సెంటీమీటర్లు, వెడల్పు దాదాపు 9 సెంటీమీటర్లు, బరువు 300 కిలోలకు పైగా తగ్గించారు. నడపడానికి తేలిక, పార్కింగుకు తేలిక, మైలేజీ మెరుగు, కాగితం మీద అన్నీ లాభాలే. అయితే దాని అన్నదమ్ముల్లాంటి షెవర్లే ట్రావర్స్‌ను మాత్రం పెద్దదిగానే ఉంచారు. ఆ తర్వాతి ఏళ్లలో ట్రావర్స్ అకాడియా కంటే చాలా ఎక్కువ అమ్ముడైంది. షెవర్లే షోరూములు ఎక్కువ, ధర తక్కువ అన్న కారణాలూ ఉన్నాయి కాబట్టి తప్పంతా సైజు మీదే వేయను. కానీ 2024 మోడల్‌లో కంపెనీ ఏం చేసిందో చూడండి. అకాడియాను ఏకంగా 27 సెంటీమీటర్లు పెంచి, మొదటి అకాడియా కంటే కూడా కొంచెం పొడుగు చేసింది. తాము తీసుకున్న నిర్ణయాన్ని తామే ఇంత పూర్తిగా వెనక్కి తిప్పుకోవడం ఈ పరిశ్రమలో అరుదు.

రెండిటికీ తేడా ఎక్కడుంది? ఈక్వినాక్స్ కొనేవాడు ఐదుగురి కోసం కొంటాడు. 12 సెంటీమీటర్లు తగ్గినా ఐదుగురూ ముందులాగే కూర్చున్నారు. అకాడియా కొనేవాడు మూడో వరస కోసం, ఆ మూడో వరస వెనక కూడా పెట్టెలు పట్టాలని కొంటాడు. కుదించినప్పుడు దెబ్బ తగిలింది సరిగ్గా అక్కడే. కాబట్టి ఎన్ని సెంటీమీటర్లు తగ్గాయన్నది రెండో ప్రశ్న. ఆ బండిని ఏ పని కోసం కొంటున్నారో ఆ పని ఇంకా జరుగుతోందా అన్నదే మొదటి ప్రశ్న.

బండిని పెంచినప్పుడు కూడా ఇదే లెక్క. మన దేశంలోనే ఒక చక్కటి జంట దొరుకుతుంది. సుజుకీ జిమ్నీ అప్పటిదాకా విదేశాల్లో మూడు తలుపుల బండి. మన కోసం దాని వీల్‌బేస్‌ను 340 మి.మీ. సాగదీసి, ఐదు తలుపులు పెట్టి 2023 జూన్‌లో 12.74 లక్షల ఎక్స్-షోరూమ్ ధరతో తెచ్చారు. పొడవు మాత్రం 3985 దగ్గర ఆపారు. కూర్చునేది నలుగురే. వెనక సీట్లు మామూలుగా ఉంటే డిక్కీ 208 లీటర్లు. నాలుగు మీటర్ల లోపే ఉన్నా 1462 సీసీ పెట్రోలు ఇంజిన్ వల్ల చిన్న కారు పన్ను రాయితీ కూడా దానికి లేదు. కుటుంబాలు రాలేదు. ఏడాది తిరగకుండానే భారీ డిస్కౌంట్లు మొదలయ్యాయి. మహీంద్రా కూడా మూడు తలుపుల థార్‌నే సాగదీసింది. కానీ 2024 ఆగస్టు 15న వచ్చిన థార్ రాక్స్ పొడవు 3985 నుంచి 4428కి, వీల్‌బేస్ 2450 నుంచి 2850కి వెళ్లాయి. ఐదుగురు కూర్చోవచ్చు, డిక్కీలో సామాను పడుతుంది. ప్రారంభ ధర 12.99 లక్షలు, జిమ్నీ ఆరంభించిన చోటుకు దగ్గరే. బుకింగులు తెరిచిన మొదటి గంటలోనే 1.76 లక్షలు వచ్చాయి. రాక్స్‌కు డీజిల్ ఉంది, బలమైన పెట్రోలు ఇంజిన్ ఉంది, థార్ పేరుకు అప్పటికే మోజు ఉంది. ఇవన్నీ కలుపుకున్నా నాకు ఒకటి స్పష్టంగా కనిపిస్తోంది. సగం సాగదీసిన బండికి ఖర్చు పూర్తిగానే అవుతుంది, కుటుంబం మాత్రం రాదు.

ఇక వెడల్పు. కంపెనీల ప్రకటనల్లో ఎక్కువ వినిపించేది పొడవు. బెంగళూరు అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో రోజూ ఇబ్బంది పెట్టేది వెడల్పు. చాలా అపార్ట్‌మెంట్లలో ఒక కారుకు ఇచ్చే చోటు రెండున్నర మీటర్ల వెడల్పు ఉంటుంది. అందులో 1800 మి.మీ. బండి పెడితే రెండు వైపులా కలిపి మిగిలేది 70 సెంటీమీటర్లు. 1890 వెడల్పున్న ఎక్స్‌యూవీ700 పెడితే 61. అంటే నట్టనడుమ ఆపితే ఒక్కో పక్క ముప్ఫై సెంటీమీటర్లు. ఈ కొలతల్లో అద్దాలు కలపరని కూడా గుర్తుంచుకోవాలి. ఒక పక్క పిల్లర్ ఉండి, రెండో పక్క పొరుగువారు గీత మీద ఆపారంటే, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను సెల్లార్ బయటే దింపాలి. డ్రైవింగ్ సీట్లో ఉన్నవాళ్లు దిగడానికి కుడి పక్క జాగా వదిలితే ఎడమ తలుపులు అసలు తెరుచుకోవు. టెస్ట్ డ్రైవ్ ఔటర్ రింగ్ రోడ్డు మీద ఇస్తారు కాబట్టి ఈ సంగతి అడ్వాన్సు కట్టేదాకా ఎవరికీ తట్టదు. సేల్స్ వాళ్లు చెప్పరు. బండి సైజు గురించి రాసేవాళ్లు కూడా దీన్ని పెద్దగా పట్టించుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది.

విచిత్రమేమిటంటే పన్ను గీత వల్లే బళ్లు అడ్డంగా పెరుగుతున్నాయి. హ్యుందాయ్ వెన్యూ 2019లో వచ్చినప్పుడు 3995, 2025 నవంబరులో వచ్చిన కొత్త వెన్యూ కూడా 3995. పొడవు పెంచితే రాయితీ పోతుంది. అందుకని వెడల్పును 1770 నుంచి 1800కి, వీల్‌బేస్‌ను 2500 నుంచి 2520కి పెంచారు, ఎత్తు కూడా పెంచారు. షోరూమ్‌లో అది నిజంగానే పెద్ద బండిలా కనిపిస్తుంది. పన్ను చట్టం ఒక్క కొలతకే గీత గీసింది కాబట్టి మిగతా కొలతలు పెరిగాయి, ఆ పెరుగుదల వచ్చి మన సెల్లార్ పిల్లర్ల మధ్య పడింది.

ఆ గీత ఇప్పుడు ఇంకా బలపడింది. 2025 సెప్టెంబరు 22 దాకా నాలుగు మీటర్ల లోపు, 1200 సీసీ లోపు పెట్రోలు కారు మీద జీఎస్‌టీ, సెస్ కలిపి 29 శాతం. నాలుగు మీటర్లు దాటి 1500 సీసీ లోపు ఉంటే 45 శాతం. పొడవు నాలుగు మీటర్లు, ఇంజిన్ 1500 సీసీ, నేల నుంచి ఎత్తు 170 మి.మీ., ఈ మూడు హద్దుల్లోనూ పైన ఉంటే 50 శాతం. ఆ తేదీ నుంచి సెస్ తీసేసి, చిన్నవాటికి 18, మిగతా పెట్రోలు, డీజిల్ కార్లన్నిటికీ 40 శాతం పెట్టారు. చిన్న కారుకూ దాని పై మెట్టుకూ మధ్య 16 పాయింట్లున్న తేడా 22 అయింది. పై మెట్టుకూ అన్నిటికన్నా పై మెట్టుకూ మధ్య ఉన్న 5 పాయింట్ల తేడా మాయమైంది. దీని అర్థం ఏమిటి? 3995 బండిని 4100 చేసే సాహసం ఇకమీద ఎవరూ చేయరు. ఒకసారి గీత దాటిన బండిని 4300 నుంచి 4500కి పెంచితే మాత్రం పన్ను శాతం ఒక్క పాయింటు కూడా పెరగదు. పాత పద్ధతిలోనూ 1500 సీసీ లోపు ఉంటే పెరిగేది కాదు, ఇప్పుడు ఇంజిన్ హద్దు కూడా పోయింది. బండి డిజైను ఏళ్ల ముందే ఖాయమవుతుంది కనుక కొత్త సెల్టోస్ ఈ పన్ను మార్పు చూసి పెరిగిందని నేను అనను. దీని తర్వాత గీసే బళ్ల మీద మాత్రం దీని ప్రభావం తప్పకుండా పడుతుంది.

కేంద్రం పన్ను అలా ఉంటే కర్ణాటక లైఫ్ టాక్స్‌కు ఇంకో మెట్ల వరస ఉంది. బండి ధర ఐదు లక్షల నుంచి పది లక్షల దాకా ఉంటే 14 శాతం, పది దాటితే 17, ఇరవై దాటితే 18. పైగా ఆ పన్ను మీద సెస్ కూడా పడుతుంది. పది దాటిన భాగానికే కాదు, మొత్తం ధరకు ఆ శాతం పడుతుంది. 9.9 లక్షల బండికి 1,38,600 కట్టాలి. 10.1 లక్షల బండికి 1,71,700. ధరలో తేడా ఇరవై వేలు, పన్నులో తేడా ముప్ఫైమూడు వేలు. సైజు పెరిగినప్పుడు ఉక్కు పెరుగుతుంది, టైర్లు పెద్దవవుతాయి, ధర కాస్త జరుగుతుంది. ఆ జరగడం ఇలాంటి మెట్టు దగ్గర జరిగితే బండి తన పాత కొనుగోలుదారుణ్ని అక్కడే పోగొట్టుకుంటుంది. నెల వాయిదా లెక్కేసుకుని వచ్చిన మనిషికి నాలుగు అంగుళాల కంటే ఆన్-రోడ్ ధరే పెద్దగా కనబడుతుంది.

తెలివైన కంపెనీలు ఈ ప్రమాదం నుంచి ఎలా బయటపడతాయో చూడాలంటే దూరం వెళ్లక్కర్లేదు, మైసూరు రోడ్డు మీద టొయోటా ఫ్యాక్టరీ ఉన్న బిడదికి వెళ్తే చాలు. 2005లో క్వాలిస్ స్థానంలో వచ్చిన మొదటి ఇన్నోవా పొడవు 4555. 2016లో క్రిస్టా 4735 అయింది, వీల్‌బేస్ మాత్రం 2750 దగ్గరే ఉంది. ధర బాగా పెరిగింది, మన వాళ్లు గొణిగారు, అయినా కొన్నారు. 2022 చివర్లో చూపించిన హైక్రాస్‌తో వీల్‌బేస్ 2850కి చేరింది, నిర్మాణం కారు తరహాకు మారింది, ముందు చక్రాలు లాగే బండి అయింది. ఇంత మార్పు చేసినప్పుడు టొయోటా పాత క్రిస్టాను పూర్తిగా ఆపేయలేదు. డీజిల్ కావాలనే ట్రావెల్స్ వాళ్లకు అది, హైబ్రిడ్ కావాలనే కుటుంబాలకు ఇది. మహీంద్రా 2022లో 4662 మి.మీ. స్కార్పియో-ఎన్ తెచ్చినప్పుడు 4456 మి.మీ. పాత స్కార్పియోను క్లాసిక్ అని ఉంచింది. మారుతి 3995 బ్రెజాను కదిలించకుండా, విటారా అన్న మాటను దాని పేరులోంచి తీసి, 4345 మి.మీ. పొడవుతో గ్రాండ్ విటారా అని వేరే బండి తెచ్చింది. మెట్ల మీద నిలబడ్డ మనిషిని పై మెట్టుకు లాగాలంటే, ముందు అతను నిలబడ్డ మెట్టు తీసేయకూడదు.

క్రెటా కథలో రెండు పద్ధతులూ కలిసే ఉన్నాయి. చెన్నై దగ్గర శ్రీపెరంబుదూరులో తయారయ్యే ఈ బండి 2015లో 4270, 2020లో 4300, 2024లో 4330. తొమ్మిదేళ్లలో 60 మి.మీ. ఎవరూ గమనించనంత మెల్లగా పెంచారు. అలా ఉంటూనే 2024 ఫిబ్రవరికి పది లక్షల అమ్మకాలు దాటింది. మూడో వరస కావాలన్నవాళ్లకు క్రెటానే సాగదీసి, వీల్‌బేస్ 150 పెంచి, 4500 మి.మీ. ఆల్కజార్‌ను 2021లో విడిగా ఇచ్చారు. ఆల్కజార్ ఎప్పుడూ క్రెటా దరిదాపుల్లో అమ్ముడవలేదు. మూడు వరసలూ నిండితే దాని డిక్కీ 180 లీటర్లు. ఆరుగురు తిరుపతి వెళ్తే ఆరుగురి బట్టల సంచులు ఎక్కడ పెట్టాలి? పలమనేరు దాకా ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. అకాడియా కథే ఇది, కాకపోతే సాగదీసే వైపు నుంచి. అయినా హ్యుందాయ్‌కు నష్టమేమీ కలగలేదు, ఎందుకంటే ప్రయోగం వేరే పేరు మీద జరిగింది. క్రెటానే 4500 చేసి ఉంటే దేశంలో ఆ తరగతి మొత్తం చిత్రం ఇంకోలా ఉండేది.

అమ్మకాల అంకెలు చూసి సైజు మీద తీర్పు ఇచ్చేవాళ్లు రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. పత్రికల్లో ప్రతి నెలా ఒకటో తారీఖున వచ్చేవి కంపెనీ నుంచి డీలర్లకు పంపిన బళ్ల లెక్కలు. కొత్త తరం వచ్చిన నెలల్లో ప్రతి షోరూమ్‌కూ బళ్లు నింపుతారు కనుక ఆ అంకె తప్పక పెరుగుతుంది. జనం కొన్నారా లేదా తెలియాలంటే రిజిస్ట్రేషన్ల లెక్క, అంటే వాహన్ చూడాలి. అందులోనూ తెలంగాణ లెక్కలు చాలాకాలం లేవు, హైదరాబాద్ లాంటి మార్కెట్ లేకుండా వేసిన అంచనా మనకు ఎంతవరకు పనికొస్తుందో ఆలోచించండి. రెండోది, తరం మారినప్పుడు సైజు ఒక్కటే మారదు. ఇంజిన్లు, స్క్రీన్లు, ఎయిర్‌బ్యాగులు, ధర అన్నీ ఒకేసారి మారతాయి. అందుకే ఒకే కంపెనీకి, ఒకే కాలానికి చెందిన జంటలను పట్టుకుని చూడాల్సి వస్తుంది. ఈక్వినాక్స్-అకాడియా అలాంటి జంట. క్రెటా-ఆల్కజార్ ఇంకొకటి.

ఈ వెలుగులో మళ్లీ సెల్టోస్ దగ్గరికి వస్తే, నా అంచనా ఇది. అది ఐదుగురి బండిగానే ఉంది, పెరిగిన జాగా వెనక సీటుకు వెళ్లింది, అంటే చేసే పని చెడలేదు. కింది మెట్టు ఖాళీ కాలేదు, కియా చిన్న బళ్లు సోనెట్, సైరోస్ రెండూ 3995 దగ్గర ఉన్నాయి. అసలు పోటీ ఇంకో వైపు నుంచి వస్తుంది. 2025 నవంబరులో వచ్చిన టాటా సియెరా పొడవు 4340 మాత్రమే, కానీ వీల్‌బేస్ 2730. అంటే సెల్టోస్ కంటే 12 సెంటీమీటర్లు పొట్టిగా ఉంటూ చక్రాల మధ్య 4 సెంటీమీటర్లు ఎక్కువ ఇస్తోంది. బెంగళూరు లాంటి ఊళ్లో గేటు మలుపు దగ్గర ఆ 12 సెంటీమీటర్లకు విలువుంది. అయితే సియెరా 1841 వెడల్పు, సెల్టోస్ 1830, రెండిటిలో ఏది కొన్నా సెల్లార్‌లో పిల్లర్ పక్కన ఇబ్బంది దాదాపు ఒకటే. కాబట్టి టెస్ట్ డ్రైవ్ బండిని ఇంటికే తెమ్మనండి. మీ చోట్లో ఆపించి, ఇంట్లో పెద్దవాళ్లను వెనక సీట్లోంచి దిగమనండి. తలుపు ఎంతవరకు తెరుచుకుంటుందో చూశాకే అడ్వాన్సు సంగతి మాట్లాడండి.